తమ్ముడికి బెయిల్ వచ్చేలా ఉంది. ట్రమడాల్ అలవాటు మళ్లీ పట్టుకోకుండా ముందే ఏం చేయాలి?

హన్మకొండ అక్క

అందరికీ నమస్తే. విషయం కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

మా తమ్ముడికి 26 ఏళ్లు. ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ పనికి పోయేవాడు. మిర్చి సీజన్‌లో రోజంతా బస్తాలు మోసి నడుము పట్టేస్తే తోటివాళ్లు ఒక క్యాప్సూల్ ఇచ్చారట. ట్రమడాల్. నొప్పి పోవడమే కాదు, ఇంకో లారీ లోడు దించే హుషారు కూడా వచ్చిందని తర్వాతెప్పుడో చెప్పాడు. మొదట పొద్దున ఒకటి, తర్వాత రాత్రి ఇంకొకటి, ఆఖరికి రోజుకు స్ట్రిప్పు మొత్తం. ఒకసారి ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఆ తర్వాత నొప్పి ఇంజెక్షన్లు కూడా మొదలుపెట్టాడు. డబ్బుల కోసం బైక్ దొంగతనం కేసులో ఇరుక్కుని రిమాండ్‌కు పోయాడు.

వరంగల్ సెంట్రల్ జైలు 2021లో తీసేశారు కదా, వీడిని వేరే జిల్లా జైలులో పెట్టారు. ములాఖత్‌కు పోయినప్పుడల్లా అమ్మకు ఒక రోజు కూలి పోతుంది. ఇప్పుడు ఐదు నెలలైంది. మొహంలో కళ వచ్చింది, ఒళ్లు చేశాడు. "అక్కా, నాకిప్పుడు దాని మీద ధ్యాసే లేదు" అన్నాడు. అమ్మ అయితే మేడారంలో నిలువెత్తు బంగారం తూకం వేయిస్తానని మొక్కుకుంది.

వచ్చే వారం బెయిల్ రావచ్చని వకీలు అంటున్నాడు. నాకు సంతోషం కంటే టెన్షనే ఎక్కువగా ఉంది. వాడు కొనుక్కునే మందుల షాపు మా ఇంటికి రెండు గల్లీల అవతలే. వాడు బయటికి రాకముందే మేం చేయగలిగింది ఏమైనా ఉందా? లోపల ఉండగానే ట్రీట్‌మెంట్ మొదలుపెట్టించవచ్చా?

కాజీపేట రిటైర్డ్ గార్డు

అమ్మా, ఐదు నెలలు ముట్టకుండా ఉన్నాడంటే ఒంట్లోంచి అంతా పోయినట్టే. ఇంకా మందులెందుకు? రాగానే ఏదైనా పనిలో పెట్టండి, వీలైతే సంబంధం చూడండి. మా రైల్వే క్వార్టర్లలో తాగుడు మానినవాళ్లంతా అట్లనే మానారు. మళ్లీ డాక్టర్ల చుట్టూ తిప్పితే మర్చిపోయినదాన్ని మనమే గుర్తు చేసినట్టు అవుతుంది.

సైకియాట్రీ డాక్టర్, కరీంనగర్

పెద్దాయన మంచి మనసుతోనే చెప్పారు. కానీ "అంతా పోయింది" అని ఇంటిల్లిపాది నమ్మే ఆ రోజుల్లోనే ప్రాణాలు పోతాయి. కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ట్రమడాల్, టాపెంటడాల్, దగ్గు సిరప్‌లోని కోడీన్, పెంటాజోసిన్ ఇంజెక్షన్, హెరాయిన్... ఇవన్నీ నల్లమందు లాగా పనిచేసే మందులే. ఓపియాయిడ్లు అంటారు. రోజూ వాడేవాడి ఒళ్లు పెద్ద డోసును తట్టుకోవడం నేర్చుకుంటుంది. మీ తమ్ముడు స్ట్రిప్పు మొత్తం మింగి మార్కెట్లో బస్తాలు మోయగలిగాడంటే కారణం అదే. లోపలికి వెళ్లి మానేశాక ఆ తట్టుకునే శక్తి కొన్ని వారాల్లోనే దిగిపోతుంది. మెదడులో పడిన కోరిక మాత్రం అంత తొందరగా పోదు. జైల్లో కంటికి కనిపించదు, చేతికి అందదు కాబట్టి "ధ్యాసే లేదు" అంటాడు. నిజమే చెప్తున్నాడు, అబద్ధం కాదు. బయటికొచ్చి పాత గల్లీ, పాత దోస్తులు కనిపించగానే అది లేస్తుంది. అప్పుడు పాత లెక్కలోనే మింగుతాడు, లేదా పాత లెక్కలోనే సూది వేసుకుంటాడు. ఆ డోసుకు ఊపిరి ఆగిపోతుంది.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 1999 నుంచి 2003 దాకా విడుదలైన 30 వేల మందికి పైగా ఖైదీల లెక్క తీశారు. బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో వాళ్లు చనిపోయే ప్రమాదం, బయట అలాంటి వయసు వాళ్లతో పోలిస్తే 12 రెట్లకు పైగా ఉంది. ఓవర్‌డోస్ చావు ఒక్కటే తీసుకుంటే 129 రెట్లు. 2007లో అచ్చయిన అధ్యయనం అది. అక్కడి మత్తు వేరు, మన మార్కెట్లో దొరికేది వేరు, అదే అంకె ఇక్కడా ఉంటుందని నేననను. కానీ మనిషి ఒళ్లు పనిచేసే తీరు ఎక్కడైనా ఒకటే.

చెల్లెమ్మా, ముందు ఒక సంగతి ఖాయం చేసుకోండి. తమ్ముడు ట్రమడాల్‌తో పాటు ఇంకేమైనా తీసుకునేవాడా? గంజాయి, మద్యం, నిద్రమాత్రలు? మన వైపు మత్తు కేసుల్లో లోపలికి పోయేవాళ్లలో ఎక్కువమంది గంజాయి వాళ్లే. గంజాయికి నేను చెప్పబోయే మందులు పనిచేయవు. ఏది వాడాడో తెలియకుండా ట్రీట్‌మెంట్ మాట్లాడటం కుదరదు.

కామారెడ్డి రైతుబిడ్డ

డాక్టర్ గారూ, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. మా వైపు కల్లు మానేస్తే కూడా చేతులు వణుకుతాయి, పిచ్చి చూపులు చూస్తారు, ఫిట్స్ వస్తాయి. మా ఊళ్లో కల్లు బంద్ పెట్టిన వారంలో ఒకాయన రాత్రంతా గోడలతో మాట్లాడాడు. అదీ ఇదీ ఒకటేనా?

సైకియాట్రీ డాక్టర్, కరీంనగర్

ఒకటి కాదు, కానీ మీరు అడగడం చాలా మంచిదైంది.

కల్తీ కల్లులో కలిపేది ఆల్ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి. అవి నిద్ర, మత్తు మందులు, ఓపియాయిడ్లు కావు. వాటిని ఒక్కసారిగా ఆపితే ఫిట్స్, భ్రమలు వస్తాయి. ప్రాణం మీదికి కూడా రావచ్చు కాబట్టి డాక్టర్ చూస్తుండగా మెల్లమెల్లగా తగ్గించాలి. ఓపియాయిడ్ ఆపితే వచ్చేది వేరు: ఆవలింతలు, కళ్లూ ముక్కూ కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు, ఎముకలు కొరికినట్టు నొప్పి, నిద్ర లేకపోవడం. రెండు మూడు రోజులకు తీవ్రమై, వారం పది రోజుల్లో దిగుతుంది. నరకంలాగే ఉంటుంది కానీ ఆరోగ్యంగా ఉన్న మనిషి సాధారణంగా తట్టుకుంటాడు. విరేచనాలతో నీరంతా పోకుండా మాత్రం చూసుకోవాలి.

అసలు భయం ఈ రెండూ కలిసినప్పుడు. రెండూ ఊపిరిని మందగింపజేసేవే. మన ఉత్తర తెలంగాణలో జైలు నుంచి వచ్చిన పిల్లగాణ్ని దోస్తులు మొదట తీసుకుపోయేది కల్లు దుకాణానికే. ఆ కల్లులో ఆల్ప్రజోలం ఎంత ఉందో పోసినవాడికి కూడా తెలియదు. దాని మీద పాత ట్రమడాల్ పడితే, లేదా ఈ అలవాటు మాన్పించడానికి మేమిచ్చే బ్యూప్రెనార్ఫిన్ మాత్ర పడినా సరే, ప్రమాదమే. పడమటి దేశాల పుస్తకాల్లో ఈ కల్లు సంగతి ఉండదు. ఇక్కడ మాత్రం ప్రతి కుటుంబానికీ చెప్పాలి.

జగిత్యాల అన్న

ఈ థ్రెడ్ చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మా చిన్నాయన కొడుకు గల్ఫ్‌లో కన్‌స్ట్రక్షన్ పనికి పోయాడు. ఇక్కడి నుంచి తీసుకుపోయిన ట్రమడాల్ స్ట్రిప్పులతో దొరికి అక్కడ జైలుకు పోయాడు. అక్కడ దాని మీద చాలా గట్టి నిబంధనలు ఉన్నాయని వాడికి చెప్పినవాళ్లు లేరు. ఏడాది దాటాక పంపించేశారు. ఇంటికి రాగానే దావత్. మనిషి మంచిగున్నాడు, నవ్వుతున్నాడు. వచ్చిన వారం లోపే ఒక రాత్రి దోస్తుల దగ్గరికి పోయి వచ్చి పడుకున్నాడు. పెద్దగా గురక పెడుతున్నాడు. "పాపం, ఎన్నాళ్లకు హాయిగా నిద్రపోతున్నాడు, లేపకండి" అన్నది మా చిన్నమ్మ. తెల్లారేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి.

ఊళ్లో అందరూ హార్ట్ ఎటాక్ అనుకున్నారు. జేబులో చిరిగిన స్ట్రిప్పు నేనే చూశాను. డాక్టర్ గారు పైన రాసింది చదివితే ఆ రాత్రి ఏమైందో ఇప్పుడు అర్థమవుతోంది.

సైకియాట్రీ డాక్టర్, కరీంనగర్

అన్నా, మీ చిన్నమ్మ చేసింది ఏ తల్లి అయినా చేసేదే. అది గురక అని ఎవరైనా అనుకుంటారు. గొంతు వదులై, ఊపిరి అందక వచ్చే చప్పుడు అది.

అందరూ గుర్తుపెట్టుకోండి. పిలిచినా గిల్లినా లేవకపోవడం, గరగరమనే గురక, నిమిషానికి ఏడెనిమిది సార్ల కంటే తక్కువ ఊపిరి, కంటిపాప సూది మొనంత చిన్నదవడం, పెదాలు గోళ్లు నీలం తిరగడం. ఇందులో ఏది కనిపించినా ముందు 108కి ఫోన్ చేయండి. నోట్లో మజ్జిగ, నిమ్మరసం, నీళ్లు ఏమీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి ఆగితే నోటితో ఊపిరి ఊదాలి. ఆస్పత్రిలో నలోక్సోన్ అనే ఇంజెక్షన్ ఉంటుంది, నిమిషాల్లో మనిషిని లేపుతుంది. అయితే దాని పని తొందరగా అయిపోతుంది, లోపలి మత్తు ఇంకా ఉంటుంది. లేచాడు కదా అని వెంటనే ఇంటికి తెచ్చుకోవద్దు. ఏం తీసుకున్నాడో డ్యూటీ డాక్టర్‌కు నిజం చెప్పండి, కేసు భయంతో దాచొద్దు. స్కాట్లాండ్‌లో 2011 నుంచి జైలు నుంచి వెళ్లేవాళ్ల చేతికే ఈ నలోక్సోన్ ఇచ్చి పంపుతున్నారు. మన దగ్గర కూడా అట్లా ఇవ్వాలని నా గట్టి కోరిక.

పాత కాంపౌండర్

జైళ్ల శాఖలో ఫార్మసిస్టుగా చేసి రిటైర్ అయ్యాను. లోపలి సంగతి కొంచెం చెప్తాను.

కొత్తగా వచ్చిన రిమాండ్ ఖైదీకి వచ్చిన రోజే వైద్య పరీక్ష ఉంటుంది. బీపీ, బరువు, ఒంటి మీద దెబ్బలు చూసి రాసుకుంటారు. "ఏమైనా అలవాట్లున్నాయా" అని అడుగుతారు. పక్కన ఎస్కార్టు పోలీసు నిలబడి ఉంటే ఏ పిల్లగాడు నోరు విప్పుతాడు? లేదు సార్ అంటాడు. రెండో రాత్రి అడ్మిషన్ బ్యారక్‌లో కంబళి కప్పుకుని మూలకు ముడుచుకుంటాడు. ఎండాకాలం, ఫ్యాన్ కింద అందరూ చెమటతో తడుస్తుంటే వీడు చలి అంటాడు. చేతి మీద చూస్తే ఈకలు పీకిన కోడి చర్మం లాగా ఉంటుంది. పక్కవాళ్లు నాటకం అంటారు. తెలిసిన వార్డర్ ఉంటే మమ్మల్ని పిలుస్తాడు, లేకపోతే తెల్లారే దాకా అట్లనే.

ఆ రాత్రి మందు ఇస్తే మనిషి మాట వింటాడు, మనల్ని నమ్ముతాడు. బయటికి పోయాక కూడా డాక్టర్ దగ్గరికి పోతాడు. ఇవ్వకపోతే ఆస్పత్రి అంటేనే మొహం తిప్పుకుంటాడు. ఇన్నేళ్ల సర్వీసులో నాకు బాగా అర్థమైంది ఇదే.

ఢిల్లీ తీహార్ జైల్లో 2008లోనే బ్యూప్రెనార్ఫిన్ ఇవ్వడం మొదలుపెట్టారు. దక్షిణాసియాలో జైలు లోపల అదే మొదటిది. పంజాబ్ జైళ్లలో కూడా ఇస్తున్నారు. మాత్ర దాచుకుని బ్యారక్‌లో అమ్ముకుంటారనే భయం అధికారులకు ఉంటుంది, ఆ భయంలో తప్పు లేదు. అందుకే మాత్రను పొడి చేసి నాలుక కింద వేసి, కరిగేదాకా ఎదురుగా కూర్చోబెట్టి, నోరు తెరిపించి చూస్తారు. ఒక్కొక్కరికి ఐదు పది నిమిషాలు పడుతుంది. యాభై మంది ఉంటే పొద్దంతా అదే పని, దానికి ఒక మనిషి కావాలి. అసలు కొరత మనుషులదే. బ్యూప్రెనార్ఫిన్ పెద్ద ఖరీదైన మందేమీ కాదు.

ఇంకొకటి. ఇంజెక్షన్ అలవాటున్నవాళ్లకు లోపల ఉండగానే హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు చేయించండి. హెపటైటిస్ సీకి 2018 నుంచి జాతీయ కార్యక్రమం కింద మందులు ఉచితం. చాలా కుటుంబాలకు ఈ సంగతి తెలియదు.

హన్మకొండ అక్క

జగిత్యాల అన్నా, మీ పోస్టు చదివి ఏడ్చాను. అమ్మకు కూడా చదివి వినిపించాను. మొక్కు సంగతి పక్కనపెట్టి, "ముందు డాక్టర్‌ను అడుగు" అన్నది.

డాక్టర్ గారూ, తమ్ముడికి గంజాయి అలవాటు లేదు. కల్లు అప్పుడప్పుడు, పండగలకు. ఇంజెక్షన్లు చివరి రెండు మూడు నెలలు. ఫిట్స్ వచ్చింది కూడా ట్రమడాల్ వల్లేనా? ఇప్పుడు ఐదు నెలలుగా ఏమీ లేదు కదా, మళ్లీ మందు మొదలుపెట్టడం అంటే అమ్మ భయపడుతోంది.

కాజీపేట రిటైర్డ్ గార్డు

నాకు కూడా అదే అనుమానం. బ్యూప్రెనార్ఫిన్ కూడా నల్లమందు జాతిదే అని చదివాను. దొంగచాటుగా మింగే మత్తు మాన్పించి ఆస్పత్రి మత్తు అలవాటు చేసినట్టు కాదా? ఎన్నాళ్లు మింగాలి? ఆఖరికి దీనికి బానిస అయితే?

సైకియాట్రీ డాక్టర్, కరీంనగర్

అవును, ట్రమడాల్ డోసు పెరిగితే ఫిట్స్ వస్తాయి. మిగతా ఓపియాయిడ్లలో ఇది అంత మామూలు కాదు. ట్రమడాల్ 2018 ఏప్రిల్ నుంచి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల నియంత్రణ చట్టం కిందికి వచ్చింది. చీటీ లేకుండా అమ్మడం నేరం.

పెద్దాయనా, మీ ప్రశ్న దాటవేయను. బ్యూప్రెనార్ఫిన్ ఓపియాయిడే. అది మెదడులో ట్రమడాల్, హెరాయిన్ అంటుకునే చోటే గట్టిగా అంటుకుంటుంది, కానీ సగం సగమే పనిచేస్తుంది. ఒక స్థాయి దాటాక ఎంత వేసుకున్నా మత్తు పెరగదు. దాని మీద వేరేది తీసుకున్నా అంతగా ఎక్కదు. వేళకు వేసుకున్న మనిషి తూలడు, పనికి పోతాడు, పిల్లల్ని బడికి దింపుతాడు. బానిసత్వం అంటే మందు కోసం ఇల్లు, పని, పరువు అన్నీ వదిలి పరిగెత్తడం. వేళకు మందు వేసుకుని పనికి పోయే మనిషిని ఆ మాట అనలేం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే దీన్నీ, ఇలాంటిదే అయిన మెథడోన్ అనే మందునూ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఎన్నాళ్లంటే, నెలల్లో తేలే పని కాదు. కొందరికి ఏడాది, కొందరికి ఏళ్లు. తొందరపడి ఆపించిన చోటే ఎక్కువగా జారిపోతున్నారు.

ఇది పనిచేస్తుందనడానికి నాకు తెలిసిన గట్టి రుజువులు రెండు. అమెరికాలో రోడ్ ఐలండ్ అనే చిన్న రాష్ట్రం 2016లో తన జైళ్లన్నింటిలో ఈ మందులు ఇవ్వడం మొదలుపెట్టింది. విడుదలయ్యాక కూడా బయటి క్లినిక్‌లో అదే మందు కొనసాగేలా చూసింది. ఏడాది తిరిగేసరికి జైలు నుంచి వచ్చినవాళ్ల ఓవర్‌డోస్ చావులు 60 శాతం తగ్గాయి. ఇంగ్లండ్‌లో చూస్తే, మందు మీద ఉండగా విడుదలైనవాళ్లు మొదటి నెలలో చనిపోవడం, మందు లేకుండా వచ్చినవాళ్లతో పోలిస్తే 75 శాతం తక్కువ. రెండు చోట్లా మందు ఆగకుండా గేటు దాటింది. లోపల ఇచ్చి గేటు దగ్గర ఆపేస్తే ఈ ఫలితం రాదు.

ఇక మీ తమ్ముడి సంగతి. ఐదు నెలలుగా ఏమీ లేదు కాబట్టి రెండు దారులున్నాయి. ఒకటి నాల్ట్రెక్సోన్. ఇది మత్తు కాదు, అడ్డుకట్ట. మాత్ర పనిచేస్తున్నంతసేపు ఓపియాయిడ్ తీసుకున్నా ఎక్కదు. ఒంట్లో ఓపియాయిడ్ ఉండగా ఇస్తే ఒక్కసారిగా విత్‌డ్రాయల్ (మానినప్పుడు వచ్చే బాధలు) వస్తుంది కాబట్టి కనీసం వారం పది రోజులు శుభ్రంగా ఉండాలి. మీవాడు ఉన్నాడు. లివర్ పరీక్ష చేసి మొదలుపెట్టవచ్చు. చిక్కేమిటంటే, రోజూ ఎవరో ఒకరు ఎదురుగా వేయించకపోతే మానేస్తారు. మానేసినవాడు పాత డోసు తీసుకుంటే మళ్లీ అదే ప్రమాదం. రెండోది తక్కువ డోసులో బ్యూప్రెనార్ఫిన్. ఇంజెక్షన్ దాకా వెళ్లినవాడు, షాపు రెండు గల్లీల దూరంలో ఉంది, దోస్తులు ఎదురుచూస్తున్నారు. ఇట్లాంటివాడికి నేనైతే దీని గురించే ముందు ఆలోచిస్తాను. కానీ చూడకుండా నిర్ణయించను, ఏ డాక్టరూ నిర్ణయించకూడదు. ఇది మామూలు మందుల షాపులో దొరకదు, అనుమతి ఉన్న కేంద్రాల్లోనే ఇస్తారు. మీకు దగ్గరలో ఎక్కడుందో 14446 డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి కనుక్కోండి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి సైకియాట్రీ ఓపీలో కూడా అడగండి. రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు.

వరంగల్ వకీలు

వైద్యం డాక్టర్ గారు చెప్పారు, కాగితాల సంగతి నేను చెప్తాను.

అమెరికాలో శిక్ష ముగిసే తేదీ ముందే తెలుసు కాబట్టి ఆ లోపల అన్నీ సిద్ధం చేస్తారు. మన జైళ్లలో 2022 చివరికి దేశం మొత్తం మీద నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. వాళ్లకు విడుదల తేదీ అంటూ ఉండదు. పొద్దున కోర్టులో బెయిల్ ఆర్డర్, జమానతుదారుల కాగితాలు సరిపోతే సాయంత్రం గేటు బయట. సరిపోకపోతే పదిహేను రోజులు. అందుకే "విడుదలకు ముందు" అనే మాటకు మన దగ్గర అర్థం, లోపలికి వచ్చిన మొదటి వారం నుంచే అని. రిమాండ్ ఖైదీ ప్రతి ఒక్కరూ రేపే బయటికి పోతాడనుకుని ఏర్పాటు చేయాలి.

అమ్మా, మీరు ఈ వారంలో చేయగలిగినవి: ఒకటి, తమ్ముడి అలవాటు, ఫిట్స్ వివరాలతో జైలు సూపరింటెండెంట్‌కు దరఖాస్తు ఇచ్చి, నకలు మీద తీసుకున్నట్టు సంతకం వేయించుకోండి. జైలు డాక్టర్‌తో మాట్లాడే అవకాశం అడగండి. స్పందన లేకపోతే కేసు నడుస్తున్న కోర్టులోనే చిన్న పిటిషన్ వేయవచ్చు, ప్రభుత్వాస్పత్రి సైకియాట్రీకి ఎస్కార్టుతో పంపమని. వకీలు ఫీజు కష్టమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, నంబర్ 15100, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యం కిందే లెక్కిస్తుంది. జైలు డాక్టర్లకు దీనిలో శిక్షణ ఇవ్వాలని కూడా అందులో ఉంది. కాబట్టి మీరు అడిగేది దయ కాదు, హక్కు.

బెయిల్ షరతుల్లో స్టేషన్‌లో సంతకం ఉంటుంది. అది ఆస్పత్రి వేళకు పడితే మీ వకీలుతో ముందే చెప్పించి వేళ మార్పించండి. ఎంతోమంది సంతకం తప్పితే బెయిల్ పోతుందన్న భయంతో మందు వదిలేశారు.

మీది దొంగతనం కేసు. మత్తు వాడిన కేసో, చిన్న మోతాదు కేసో ఉన్నవాళ్ల కోసం ఇది కూడా రాస్తున్నాను: ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ కింద స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ అడగవచ్చు. దోషిగా తేలినా 39వ సెక్షన్ కింద జైలు బదులు చికిత్సకు పంపే అధికారం కోర్టుకు ఉంది. చట్టం 1985 నాటిది, ఈ సెక్షన్లు అడిగే వకీళ్లు మాత్రం ఇప్పటికీ తక్కువే.

మంచిర్యాల తమ్ముడు

నేను లోపలికి పోయొచ్చినవాణ్నే. ఇప్పుడు మందు మీద ఉన్నాను, పని చేసుకుంటున్నాను. అక్కా, మీకు డాక్టర్లు చెప్పని కొన్ని సంగతులు చెప్తా.

గేటు దగ్గరికి మీరే పోండి. వాడి దోస్తు బైక్ వేసుకుని మీకంటే ముందే వచ్చి ఉంటాడు, బెయిల్ సంగతి వాళ్లకు మీకంటే ముందే తెలుస్తుంది. లోపల జమ చేసిన ఫోన్, పర్సు, కొన్ని పైసలు అన్నీ ఒకేసారి చేతికొస్తాయి. ఫోన్ ఆన్ చేయగానే మోగుతుంది. నాకు కడుపులో తిప్పినట్టు మొదలైంది బస్టాండ్‌లో మెడికల్ షాపు పచ్చ బోర్డు చూసినప్పుడే. లోపల ఉన్నన్నాళ్లు ఒక్కనాడు కూడా అట్లా కాలేదు. నోట్లో నీళ్లూరి, చేతులు చల్లబడ్డాయి. మనసు చెడ్డదై కాదు, ఒళ్లే అట్లా చేస్తుంది. ఇది వాడికి ముందే చెప్పి ఉంచండి, "అట్లా అయితే నాకు చెప్పు, తిట్టను" అని ములాఖత్‌లోనే మాట ఇవ్వండి.

వీలైతే మొదటి నెల హన్మకొండ ఇంట్లో ఉంచకండి. పల్లెలో అమ్మమ్మ ఇల్లో, మేనమామ ఇల్లో ఉంటే అక్కడ పెట్టండి, కాకపోతే ఆస్పత్రి మందు దొరికే దూరంలో ఉండాలి. కోర్టు షరతు కూడా చూసుకోవాలి. రాగానే దావత్ పెట్టొద్దు. జేబులు వెతకొద్దు, నిఘా పెట్టినట్టు ఉంటే ఇంట్లోంచి పారిపోవాలనిపిస్తుంది. ఖర్చులకు నగదు బదులు కావలసిన వస్తువు కొనివ్వండి. మళ్లీ హమాలీ పని వద్దు. నడుము నొప్పి అట్లనే ఉంటే మళ్లీ అదే క్యాప్సూల్ గుర్తొస్తుంది. నొప్పికి వేరే మందు డాక్టర్‌నే అడగండి. జైళ్ల శాఖ నడిపే పెట్రోల్ బంకుల్లో విడుదలైనవాళ్లకు కూడా పని ఇస్తున్నారు, వెల్ఫేర్ ఆఫీసర్‌ను అడిగి చూడండి.

ఒకసారి జారినా ఇంట్లోంచి గెంటేయకండి. నన్ను మా బాపు గెంటలేదు. మర్నాడే డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాడు.

హన్మకొండ అక్క

అప్‌డేట్ ఇస్తున్నాను. దరఖాస్తు ఇచ్చాం, జైలు డాక్టర్ అమ్మతో పావుగంట మాట్లాడారు. రక్త పరీక్షలు చేయించారు, హెపటైటిస్ సీ లేదట. ఎస్కార్టు దొరికి సైకియాట్రీకి తీసుకుపోయేలోపే బెయిల్ వచ్చేసింది. వకీలు అన్న చెప్పినట్టే పొద్దున ఆర్డర్, సాయంత్రం విడుదల. జైలు డాక్టర్ రాసిన చీటీ మాత్రం చేతికి ఇప్పించుకున్నాం.

నేనూ మా ఆయనా గేటు దగ్గరికి పోయాం. మంచిర్యాల తమ్ముడు చెప్పినట్టే బైక్ మీద ఇద్దరు వచ్చి ఉన్నారు. మా ఆయన వాళ్లతో మర్యాదగానే మాట్లాడి పంపించేశాడు. రాత్రి మా అత్తగారింట్లోనే పడుకోబెట్టాం. మర్నాడు పొద్దున్నే ఓపీ చీటీ తీసుకుని చూపించాం. డాక్టర్ వాడితో ఒంటరిగా చాలాసేపు మాట్లాడారు. బ్యూప్రెనార్ఫిన్, నలోక్సోన్ కలిపిన మాత్ర తక్కువ డోసుతో మొదలుపెట్టారు. మొదట్లో రోజూ రమ్మన్నారు, వాళ్లెదుటే నాలుక కింద పెట్టుకోవాలి. కల్లు, మద్యం, నిద్రమాత్ర ఏదీ ముట్టొద్దని రెండుసార్లు చెప్పారు. స్టేషన్ సంతకం సోమవారం సాయంత్రానికి మార్పించాం.

నిన్న రాత్రి వాడంతట వాడే వచ్చి, "అక్కా, ఇవాళ బస్సులోంచి షాపు కనిపించింది, మనసు లాగింది" అన్నాడు. నేనేమీ అనలేదు, అన్నం పెట్టాను. బస్సు రూటు మార్చుకుందాం అన్నాడు, సరే అన్నాను.

కాజీపేట రిటైర్డ్ గార్డు

మంచి పని చేశారమ్మా. రోజూ ఆస్పత్రికి తోడు కావాలంటే చెప్పండి. నాకు పొద్దున పనేమీ ఉండదు, స్కూటర్ ఉంది.

భూపాలపల్లి చెల్లె

నాదొక ప్రశ్న. మా ఆయన సింగరేణి కాంట్రాక్టు పనిలో ఉండగా నొప్పి ఇంజెక్షన్లకు అలవాటుపడ్డాడు. ఒక కొట్లాట కేసులో శిక్ష పడి లోపలున్నాడు. ఇంకా ఏడాదిన్నర ఉంది. ఇప్పుడే ఏమైనా చేయాలా, విడుదలకు ముందు చూసుకుంటే సరిపోతుందా?

పాత కాంపౌండర్

ఇప్పుడే చేయమ్మా. శిక్ష ఖైదీకి కూడా పెరోల్, ఫర్లో (కొన్నాళ్లు ఇంటికి పోయొచ్చే సెలవులు) వస్తాయి. ఆ వారం పది రోజులు కూడా విడుదలలాగే ప్రమాదం, ఇంట్లో అందరికీ చెప్పి ఉంచు. వచ్చే ములాఖత్‌కు పోయినప్పుడు లోపల ఇంకా ఏమైనా దొరుకుతోందా, ఒంట్లో ఎట్లా ఉంది అని మెల్లగా అడుగు. అరవకు, లేకపోతే చెప్పడు. జైలు డాక్టర్‌కు రాతపూర్వకంగా వివరం ఇవ్వు, హెపటైటిస్ పరీక్ష అడుగు. విడుదల తేదీ తెలుసు కాబట్టి మీకు వకీలు గారు చెప్పిన హడావుడి ఉండదు. చివరి రెండు మూడు నెలల్లో మందు మొదలుపెట్టించి, బయట ఏ రోజు ఏ ఆస్పత్రికి పోవాలో చీటీ మీద తేదీ వేయించుకోవాలి. ఆ చీటీ నీ దగ్గర పెట్టుకో, ఆయన జేబులో కాదు.

సైకియాట్రీ డాక్టర్, కరీంనగర్

కాంపౌండర్ గారు చెప్పినదానికి ఒక్కటే కలుపుతాను. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి అన్నది కూడా దరఖాస్తులో రాయండి చెల్లెమ్మా. గని పనిలో దెబ్బతిన్న వెన్నుకు వైద్యం జరగకపోతే ఎన్ని మాత్రలిచ్చినా మళ్లీ సూది దగ్గరికే పోతాడు.